ఏడో నట్టు

ఓబులేసు కారు నీళ్ళు తాగుతోంది.
ఎక్కడా కారడం లేదు. కింద బండ పొడిగానే ఉంది.
డిప్‌స్టిక్కు లాగి చూస్తే
నూనె కాదు, పాలెక్కువైన టీ.
"హెడ్డు గాస్కెట్టు పోయింది" అన్నాను.
"మొన్ననే గదా మంత్రాలయం పోయొచ్చినాము" అన్నాడు.
పోయొచ్చినందుకేనని నేననలేదు.

డెబ్బై నాలుగు అంబాసిడర్.
తాడిపత్రిలో బండలు కొనడానికి రైలు దిగిన షావుకార్లను
పాలిషింగ్ ఫ్యాక్టరీలన్నీ తిప్పిన బండి.
సీటు ఎత్తితే ఇప్పటికీ
తెల్లటి రాతిపిండి.

నాయన నీళ్ళ క్యాను మీద కూర్చున్నాడు.
కుడిచెయ్యి ఒళ్ళో,
ఎవరో దాచమని ఇచ్చి మరిచిపోయిన వస్తువు మాదిరి.
ఆ చెయ్యి పానా పట్టి రెండేళ్ళు.
షెడ్డు బోర్డు మీద ఇంకా ఆయన పేరే, హుసేనప్ప.
మార్చడానికి పెయింటరు మూడొందలడిగినాడు,
నేను వద్దన్నాను.

హెడ్డు లేపితే
మూడో సిలిండరు పక్కన గాస్కెట్టు కాలి
చీమ పోయేంత దారి.

గోడకానించిన నల్లబండను పడుకోబెట్టినాను,
అంచు విరిగిందని ఫ్యాక్టరీవాళ్ళు ఊరికే ఇచ్చింది.
దాన్లో ముఖం చూసుకోవచ్చు.
పైన ఎమరీ కాగితం, కిరోసిను,
హెడ్డు బోర్లించి
ఎనిమిది అంకె రాసినట్టు రుద్దినాను, రుద్దినాను.
మే నెల. రేకుల కింద చెమటే
ఎమరీ మీద పడి నల్లబడింది.
స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజి దూరుస్తే
అన్నిటికన్నా సన్న ఆకు కూడా
దారి దొరక్క వంగింది.

కొత్త గాస్కెట్టు అనంతపురం నుంచి
బస్సు కండక్టరు చేతికిచ్చి పంపినారు.
'టాప్' అని ఇంగ్లీషులో రాసిన వైపు పైకి.
నాయనకు ఆ మూడక్షరాలు చదవడం రాదు.
అయినా ఏనాడూ తిరగేసి పెట్టలేదు.
నూనె పోయే బొక్కను చిటికెనవేలితో తడిమి
"ఇది ఈడికి రావల్ల" అనేవాడు.

పదకొండు నట్లు.
నడిమిట్లో మొదలుపెట్టి, ఎదురెదురుగా, బయటికి,
చాప పరిచి ముడతలు అంచుకు తోసినట్టు.
తొలి చుట్టు ఇరవై, మలి చుట్టు ముప్పై, ఆఖర్న నలభై.
టార్క్ రెంచి చీటీ పాడుకొని కొన్నాను.
చాలు అనేదానికి 'టిక్' అంటుంది.
"దానికి లెక్క తెలుస్తాది," అంటాడు నాయన,
"స్టడ్డు వయసు తెలుస్తాదా?"

ఆఖరు చుట్టు.
ఆరు నట్లూ టిక్కన్నాయి.
ఏడోదాని మీద బరువేసినాను.
తిరిగింది. ఇంకొంచెం. తిరిగింది.
"నిలుపు."
టిక్కనలేదింకా అన్నాను.
"అనదు. నిలుపు మాబున్నీ."
నేను నిలపలేదు.
ఇంకో అర అంగుళం.
అప్పుడు మణికట్టుకు తెలిసింది
గట్టిగా ఎదురు నిలవాల్సింది
ఎండలో పెట్టిన బెల్లమై
సాగి సాగి నాతో వచ్చేస్తోందని.

రెంచి తీసినాను.
ఎట్ల తెలిసింది నాయనా?
"ఆరిట్లో నీ భుజం ఆగింది. దీనికి ఆగల్యా."
ఆయన చూస్తున్నది రెంచిని కాదు.

మళ్ళీ అన్నీ ఇప్పినాను.
రెండు నట్లు ఒకదానికొకటి బిగించి పాత స్టడ్డు పీకితే
దాని నడుము సన్నబడి ఉంది.
నలిగిన గాస్కెట్టు ఇంక పనికిరాదు. నాలుగొందల ఎనభై.
ఓబులేసు మీద వెయ్యకూడదనుకున్నాను.
తర్వాత సగం అడిగినాను.
ఇచ్చినాడు, రెండుసార్లు లెక్కపెట్టి.

మూడోరోజు, ఏడో నట్టు దగ్గర
ఆయన లేచి వచ్చి
ఎడమచెయ్యి నా భుజం మీద వేసినాడు.
టిక్.

దీపాలేళకు బండి పలికింది.
రేడియేటరు మూత తీసి, సెల్లు లైటు కొట్టి
తలలు ఆనించుకుని చూస్తున్నాము.
నీళ్ళు తిరుగుతున్నాయి. బుడగ లేదు.
వెనక ఓబులేసు తొందర పడుతున్నాడు,
పొద్దున్నే గుత్తికి బాడుగ ఉందంట.
చాల్లే అని మూత అందుకున్నాను.
"ఉండు" అన్నాడు నాయన,
"ఇంకాసేపు చూడు."